జేజినాయన కేక

మొన్న మా తమ్ముని కొడుకు ఊర్నుంచి వస్తా ఒక గోనెసంచి తెచ్చి నా మంచం పక్కన దించినాడు. "అత్తా, పాత కొట్టం పీకేస్తాంటే అటక మీద దొరికినాయి. చూసుకో, వద్దంటే పారేస్తా" అన్నాడు. తుప్పు పట్టిన కత్తెర ఒకటి, దబ్బనాలు రెండు, అడుగున ఒక కొయ్య. కొయ్యకు రెండు కొనలూ లావు, నడుమ పిడికిటికి పట్టేంత సన్నం. మా మనవరాలు రేష్మ దాన్ని తీసుకోని నాలుగుసార్లు ఎత్తి దించి, "అవ్వా, మీ కాలంలో గూడా డంబెల్సు ఉండెనా?" అని పకపకా నవ్వింది. నేనూ నవ్వినా. నవ్వి, ఆ కొయ్యను ఒళ్ళో పెట్టుకోని అట్లే కూచుండిపోయినా. ఆ పిల్ల భయపడి నీళ్ళు తెచ్చిచ్చింది. ఏమైందని చెప్పేది? అరవై ఏండ్లకు పైన ఎవురికీ చెప్పని సంగతి అది. నా బతుకు గురించి రాసుకుంటాండే ఈ పుస్తకంలో గూడా దాన్ని దాటేసి పోదామనే చూసినా. బడి గురించి రాసినా, కరువు గురించి రాసినా, నా పెండ్లి గురించైతే ముప్పై పేజీలు రాసినా. ఇది మాత్రం రాయలేదు.

అది మా జేజినాయన చేతి కొయ్య. మా నాయనకు నాయన, పేరు మస్తానప్ప. మేము దూదేకులోళ్ళం. పేర్లు సాయిబుల పేర్లు, మాట తెలుగు. అనంతపురంలో ఉర్దూ మాట్లాడే సాయిబులకు మేము సగం సాయిబులం, మా ఊర్లో కాపులకు నిండు సాయిబులం. ఊరు శింగనమల చెరువుకు అవతల, ఎర్రనేల, బుడ్డలు, అదే శెనక్కాయలు, వేసుకోని వాన కోసరం ఆకాశం దిక్కు చూసే ఊరు. మా ఇంట్లో మాత్రం ఎప్పుడూ తెల్లగా ఉండేది. మనిషంత పొడుగు విల్లు కొట్టంలో దూలానికి వేలాడేది. జేజినాయన ముక్కుకు గుడ్డ కట్టుకోని, "బిస్మిల్లా" అని నారిని కండ్లకద్దుకోని, ఈ కొయ్యతో నారి మీద కొడితే టొంయ్ టొంయ్ మని ఇల్లంతా అదిరేది. గడ్డ కట్టిన పాత దూది పొరలు పొరలుగా విచ్చుకోని పైకి లేచేది. సంగటిలో దూది, ఊరిబిండిలో దూది, మా జేజి కంటిరెప్పల మీద దూది. పత్తిగింజల వాసన, పాత పరుపుల్లోంచి వచ్చే ముసలోళ్ళ మందుల వాసన, పసిబిడ్డల ఉచ్చ వాసన, అన్నీ కలిసి మా ఇంటి వాసన అయ్యేది. పని అయినాక జేజినాయన గడ్డం, కనుబొమలు తెల్లగా నిండిపోయి కండ్లు రెండే నల్లగా కనపడేవి. అప్పుడు చిన్న బెల్లంముక్క నోట్లో వేసుకునేవాడు. బెల్లం తింటే గొంతులో దూది దూగరమంతా దిగిపోతాదని ఆయప్ప నమ్మకం. సగం కొరికి సగం నాకు పెట్టేవాడు.

పంట కోతలు అయినాక విల్లు భుజానేసుకోని చుట్టుపక్కల ఊర్లు తిరిగేవాడు. ఊరి మొదట్లో నిలబడి ఒక కేక వేసేవాడు. "దూదేకుతామమ్మా, పరుపులు కుడతాం, బొంతలు కుడతామమ్మా" అని. మాటలు ఇవే. మాటలు ఎవురైనా అంటారు. ఆయప్ప కేక మాటల్లో లేదు, ఎత్తుకునే కాడ, సాగదీసే కాడ, కడాకు గొంతులో దూగరం తగిలి చిన్న దగ్గుతో నిలబెట్టే కాడ ఉండేది. ఊరి మొదట్లో వేస్తే చివరింటి కోడలు పరుపు బయటికి ఈడ్చుకొచ్చేది. బాలింతలు "మస్తానప్ప వచ్చినాడు, దిండ్లు తీయండే" అనేవాళ్ళు. బోర్డు లేదు, చీటీ లేదు, ఆ కేకే ఆయప్ప అంగడి.

నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు మా బడికి సినిమా వ్యాను వచ్చింది. అప్పుడు మా ఊరికి కరెంటు లేదు, సినిమా చూసినోళ్ళు పదిమంది ఉంటే గొప్ప. వ్యానులో జెనరేటరు, తెరగుడ్డ, మైకు. మధ్యాన్నం రెండింటికి వేసి పొద్దుండంగానే ఇంకో ఊరికి పోవల్లన్నారు. పగటిపూట సినిమా యెట్ల? గదిని చీకటి చేయల్ల. మా ఇంగ్లీషు అయివారు సీదా మా ఇంటికొచ్చినాడు.

"ఏమప్పా మస్తానూ, కిటికీలు మూయాలప్పా. నాలుగు బొంతలిస్తావా?"

"నాలుగెందుకు సామీ, ఎనిమిదుండాయి. నేనే తెచ్చి కడతా పా" అన్నాడు జేజినాయన. అంత సంతోషం ఆ ముఖంలో. మనవరాలు చదివే బడి గదా.

ఎనిమిది బొంతలూ నెత్తిన పెట్టుకోని వచ్చి, కిటికీకొకటి మేకులు కొట్టి బిగించినాడు. కడా కిటికీకి మేకు నిలబడలేదు, గోడ సున్నం రాలిపోయింది. "పర్వాలేదు, నేను పట్టుకుంటాలే" అని ఆ బొంత కొస చేత్తో పట్టుకోని అక్కడే గోడకానుకోని నిలబడినాడు. సినిమా అయ్యేంతవరకు అట్లే నిలబడినాడు. ఆ సంగతి నాకు మొదట తెలీదు. తర్వాత తెలిసింది. తెలిసినాక నేను చేసిందే ఇప్పుడు చెప్పాల్సింది.

ముందర బావుల గురించి, టీకాల గురించి ఏవో చూపించినారు. జనం ఆవలించినారు. ఆ తర్వాత వ్యానాయన "ఇది పిల్లోళ్ళకు" అని ఇంకో రీలు ఎక్కించినాడు. గీసిన బొమ్మలు! గీసిన బొమ్మలు నడుస్తాండాయి, ఎగురుతాండాయి! ఊరు ఊరంతా "అబ్బబ్బబ్బ" అనింది. ఎక్కడో ఇసుక దేశం. టోపీ పెట్టుకున్న తెల్లపిల్లి ఒకటి ఊరు చూడను వస్తాది. దాని పెట్టెలు మోసే నల్లమనిషి ఒకడు, పెదాలు ఇంత లావు, కండ్లు గుడ్లు మిటకరించుకోని. ఆ పిల్లిని సంచిలో వేసుకోని పోవల్లని చూసే దొంగ ఇంకొకడు. తలపాగా, కొక్కెం ముక్కు, బొడ్డు దాకా గడ్డం, భుజాన సంచి. మాటలన్నీ ఇంగ్లీషు. రెండు నిమిషాలకు జనం "ఏమంటాండారు? ఏమంటాండారప్పా?" అని గోల పెట్టినారు. అయివారు లేచి, "ఉండండుండండి, మా బడిలో ఇంగ్లీషు చదివే పిల్ల ఉండాది. మాబున్నీ, రా తల్లీ, చెప్పు" అని మైకు నా చేతికిచ్చినాడు.

నాకు వచ్చిన ఇంగ్లీషు ఏబీసీడీలు, ఇంకో పది ముక్కలు. ఆ బొమ్మలు మాట్లాడేదాంట్లో ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. "ఇది పిల్లి. వీడు దొంగ" అన్నా. ఒకడు వెనకనుంచి "అది మాకూ కనపడతాండాది లేమ్మా" అన్నాడు. జనం గొల్లున నవ్వినారు, నన్ను జూసి. అయివారి ముఖం చిన్నబోయింది. సరిగ్గా అప్పుడే తెర మీద ఆ గడ్డమోడు పిండిమూటల్లో పడినాడు. మూటలు పగిలి పిండి లేచి గడ్డం, కనుబొమలు, తలపాగా అంతా తెల్లగా అయిపోయి, కండ్లు రెండే నల్లగా మిటకరిస్తాండాయి. నా నోట్లోంచి ఎట్లొచ్చిందో వచ్చేసింది. మైకులో, జేజినాయన గొంతుతో, జేజినాయన సాగదీసినట్లే సాగదీసి, చివర ఆ దగ్గుతో సహా, "దూదేకుతామమ్మా, పరుపులు కుడతాం, బొంతలు కుడతామమ్మా."

బడి కప్పు లేచిపోతాదేమో అన్నట్లు నవ్వినారు. పొట్టలు పట్టుకోని నవ్వినారు. "సాయిబు! మస్తాన్ సాయిబు!" అని పిల్లోళ్ళు అరిచినారు. ఇంక నేను ఆగితే గదా. వాడు పిల్లి వెంట పడితే "దిండ్లుండాయా తల్లీ" అన్నా. పిల్లి వాని గడ్డానికి నిప్పు పెడితే దగ్గినా. జన్మలో నన్నెవురూ అట్ల చూసింది లేదు. కాపోళ్ళ ఆడబిడ్డలు, బడిలో నా పక్కన కూచునేదానికి ఇష్టపడని పిల్లలు, అందరూ నా నోటి దిక్కే చూస్తాండారు. ఆ సుఖం ఎట్లుంటాదో రాయాలంటే సిగ్గైతాంది గాని, ఉండింది. చానా ఉండింది.

రీలు అయిపోయింది. "మళ్ళీ వేయండి, మళ్ళీ" అని జనం పట్టుబట్టినారు. వ్యానాయన రీలు తిప్పుతాంటే ఎవురో తలుపు తీసినారు, గదిలోకి వెలుతురు వచ్చింది. అప్పుడు చూసినా. కడా కిటికీ కాడ జేజినాయన. ఒక చెయ్యి పైకెత్తి బొంత కొస పట్టుకోని నిలబడినాడు. నన్నే చూస్తాండాడు. తలుపు మళ్ళీ మూసినారు, చీకటైంది.

మొదటిసారి నోరు జారిందని చెప్పుకోవచ్చు. పన్నెండేండ్ల పిల్ల, బెదిరి ఏదో అనేసిందని దేవుడు గూడా ఒప్పుకుంటాడు. రెండోసారి? రెండోసారి ఆయప్ప ఆడ నిలబడినాడని తెలిసి, మైకు తీసుకోని, పిండిమూటలు ఎప్పుడొస్తాయా అని కాచుకోని, మొదటిసారి కంటే గట్టిగా వేసినా ఆ కేక. కంచే చేను మేస్తే ఇంక చెప్పేదేముంది.

అందరూ పోయినాక జేజినాయన బొంతలు దించి, సున్నం దులిపి, ఒక్కొక్కటే మడత పెట్టినాడు. నా ఒడిలో పప్పులు, బెల్లం. ఎవురెవురో ఇచ్చినారు, బాగా చెప్పినావని. దావలో ఒక బెల్లంముక్క తీసి ఇచ్చినా. ఎప్పుడూ సగం కొరికి సగం నాకు పెట్టే మనిషి, "నాకొద్దు మ్మా, నువ్వు తిను" అన్నాడు. కొంచెం దూరం పోయినాక అడిగినాడు.

"మాబూ, ఆ బొమ్మ గీసినాయప్ప మనల్ని యాడ జూసినాడు?"

"అది మనం కాదు జేజినాయనా. అది యాడో ఇసుక దేశం."

"ఓహో." ఇంకో పది అడుగులు వేసినాడు. "మరి నా కేక వానికి యాడ దొరికె?"

ఎగతాళి లేదు ఆ మాటలో, కోపం లేదు. తెలీక అడిగినట్టే అడిగినాడు. నేను బెల్లం నములుతా ఉండిపోయినా.

ఇంట్లో ఆ వారమంతా ఆ బొమ్మ సినిమా గురించే పంచాయితీ. మా జేజి బడికి రాలేదు గాని ఊరంతా చెప్పినాక మండిపడింది. "గీసినోని చేతులు పడిపోను. గడ్డముంటే దొంగేనా? నామాలు పెట్టినోడు దొంగతనం చేసేదే లేదా?" అని కుండలు దబదబా పెట్టింది. నన్ను ఒక్క మాట అనలేదు, అన్నింటికంటే అదే ఎక్కువ నొప్పి. మా నాయన అంతా తేల్చేసినాడు. "అది మనం కాదు లేమ్మా. వాళ్ళు అరబ్బోళ్ళు. మనం తెలుగోళ్ళం, మనకేం సంబంధం?" అన్నాడు. అత్తరు అమ్మను వచ్చిన అనంతపురం సాయిబు మా అరుగు మీద కూచోని ఇంకో మాట అన్నాడు, "మైకులో దూదేకులోళ్ళ కేకే వేసినారంట గదా, అయితే అది మీరే, మేము కాదు." ఎవురికి వాళ్ళు ఆ తలపాగాను పక్కోని నెత్తిన పెట్టేదే. ఇది తప్పించుకునే విద్య, మాకు బాగా వచ్చు. ఆ సినిమా తీసినోళ్ళు యాడ ఉన్నారో, మేము ఒకరున్నామని గూడా తెలీదేమో వాళ్ళకు. ఈడ మేము మాత్రం అది నువ్వంటే నువ్వని కొట్లాడుకుంటాండాము.

పత్తికాయలు ఒలిచేదానికి వచ్చే ఓబులమ్మ ఇదంతా వినింది. మాలపల్లె మనిషి, నలుపంటే నిగనిగలాడే నలుపు. ఆ పొద్దు సినిమా తలుపు కాడ కూచోని చూసింది. మా జేజి తిట్టీ తిట్టీ అలిసిపోయి, "అయినా ఆ పెట్టెలు మోసేవాడు ఎట్లుండెనంట, పెదాలు చేటలంతంట గదా" అని కిసుక్కున నవ్వింది. ఓబులమ్మ చేతులాపకుండానే అనింది, "అవ్వా, మీ ముసిలాయప్పను జూసి నవ్వితే మీకు మండుతాది. ఆ నల్లోణ్ణి జూసి నవ్వితే ఎవురికి మండల్ల?" జేజి నవ్వు మానేసి కుండలు సర్దేదానికి లేచింది. నాకూ అప్పుడే తట్టింది, ఆ పొద్దు నేను మైకులో ఆ నల్లమనిషికి ఒక్క మాట గూడా ఇయ్యలేదు. వాడు మాట్లాడేవాడని గూడా నాకు తోచలేదు. ఎక్కిరించేదానికి గూడా వాడు పనికి రాలేదు నాకు.

జేజినాయన మాత్రం నెల దాకా ఆ సంగతి ఎత్తలేదు. ఒకపొద్దు దూదేకుతా ఏకుతా ఆపి, గుడ్డ కిందికి లాగి అన్నాడు, "మాబూ, ఆ పిల్లికి కడాకు ఇల్లు చూపించినారు గదా. మెత్తని పరుపు, దిండు."

"ఊఁ."

"ఆ గడ్డపాయప్పకు ఇల్లే చూపించలేదు. పెండ్లాముందో లేదో, బిడ్డలున్నారో లేదో. పిల్లి ఇంట్లో పరుపు ఎవురు కుట్టిచ్చినారో." మళ్ళీ ముక్కుకు గుడ్డ కట్టుకున్నాడు. టొంయ్ మనింది నారి. నేను ఎన్నో సినిమాలు చూసినా ఆ తర్వాత. పరీక్షలు రాసినా, బడిలో ముప్పై ఏండ్లు పాఠాలు చెప్పినా. ఒక బొమ్మను అట్ల చూసినోణ్ణి మళ్ళీ చూడలేదు.

ఆ ఏడు జేజినాయన ఊర్లు తిరగను పోతే, ఆయప్ప నోరు తెరవకముందే పిల్లోళ్ళు కేక వేసేవాళ్ళు. ఆ కేక ఆయప్పది కాదు, నాది. నేను మైకులో వేసింది. చివర దగ్గు నేను ఎట్ల పెంచినానో అట్లే పెంచి, గుంపులు గుంపులుగా వెంటబడి. నేను మైకు పట్టింది మా ఊర్లోనే అయినా, ఆ కేక మాత్రం చుట్టుపక్కల ఊర్లన్నీ తిరిగింది. పెద్దోళ్ళు గూడా, చెడ్డోళ్ళు కాదు పాపం, నవ్వుతా "ఏమప్పా సినిమా సాయిబూ, రా" అనేవాళ్ళు. రెండు మూడు నెల్లకు జేజినాయన కేక వేయడం మానేసినాడు. ఊరి మొదట్లో నిలబడి, విల్లు దించి, నారిని ఒక్కసారి కొట్టేవాడు. టొంయ్. వినపడినోళ్ళు వచ్చేవాళ్ళు. వినపడనోళ్ళు పోయిన ఏటి పరుపు మీదే పడుకునేవాళ్ళు. నారి మోత ఊరి చివరింటి దాకా పోదు.

ఒకసారి ధైర్యం చేసి అడిగినా, "జేజినాయనా, ఇప్పుడు కేక వేయవేల?" అని. "గొంతు పోయింది మ్మా, దూగరం" అన్నాడు. అప్పటికి రెండు పొద్దుల ముందర, గుట్ట కింద మేకలు కాచుకుంటాండిన నన్ను ఇంటి కాడ నుంచి "మాబూ" అని పిలిస్తే నాకు ఖంగుమని వినపడింది. గొంతు ఎక్కడికీ పోలేదు. ఆయప్పకు తెలుసు, నాకూ తెలుసు. "అవునా, అయితే బెల్లం తిను" అన్నా నేను. ఆ అబద్ధం ఆయప్ప నా కోసరం చెప్పినాడు, నేను నా కోసరమే నమ్మినా. తప్పైంది జేజినాయనా అని రెండు మాటలు చెప్పేదానికి, ఇంకా ఎనిమిదేండ్లు బతికి టైము ఇచ్చినాడు ఆ మనిషి. ఎనిమిదేండ్లూ నేను పరీక్షలకు చదువుకుంటాండా అనుకున్నా.

మొన్న రేష్మ నాకు నీళ్ళిచ్చి, పక్కన కూచోని, మళ్ళీ సెల్లులో బొమ్మల సినిమా పెట్టుకుంది. ఇప్పటి బొమ్మలు చానా అందంగా ఉండాయి, వెంట్రుక వెంట్రుక కనపడతాది. ఊరికే తొంగి చూసినా. తలపాగా, కొక్కెం ముక్కు, భుజాన మూట. ఏమీ మారలేదు, రంగులు వచ్చినాయి అంతే. ఆ పిల్ల నవ్వుతాంటే నాకు ఒళ్ళు మండిపోయి, "ఆపు దాన్ని" అని కసిరినా. రేష్మ బిత్తరపోయి ఆపేసింది. తర్వాత నా పక్కనే చేరి, సెల్లు కింద పెట్టి అడిగింది, "కోపం ఎందుకవ్వా? ఈ కొయ్య ఎవురిది? ఏం చేసేవాడు ఆ తాత?"

చెప్పినా. అంతా చెప్పినా, ఇక్కడ రాసినట్లే. ఆ పిల్ల గడ్డం కింద చేతులు పెట్టుకోని వినింది. అంతా విని, "ఆ తాత కేక ఎట్లుండేది అవ్వా? ఒకసారి వెయ్యవా, నిజంగా ఆయన వేసినట్లు" అనింది.

గొంతు సవరించుకున్నా. మాటలు ఉండాయి నా దగ్గర, అన్నీ ఉండాయి. ఎత్తుకున్నా. వచ్చింది ఆయప్పది కాదు. దగ్గు పెంచి, సాగదీసి, బడి కప్పు లేచిపోయేట్లు నవ్వించిన కేకే వచ్చింది. మళ్ళీ ఎత్తుకున్నా. మళ్ళీ అదే. కండ్లు మూసుకోని, కొట్టంలో దూది, బెల్లం, ఊరి మొదట్లో ఆయప్ప నిలబడేది, అన్నీ తలుచుకోని మూడోసారి ఎత్తుకున్నా. నేను ఎక్కిరించిందే ఉండిపోయింది నా చెవుల్లో, ఆయప్ప వేసింది లేదు. ఆ కేక విన్నోళ్ళలో మా ఇంట్లో ఇంక నేను ఒక్కదాన్నే మిగిలినా.

"ఇట్లేనా అవ్వా?" అనింది రేష్మ.

"కాదు" అన్నా.